హెబ్బగోడి బీచు

బెంగళూరులో బీచ్ లేదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అనేవాళ్ళు మామూలుగా మా విశాఖ వాళ్ళే అయివుంటారు. ఒకప్పుడు నేనూ అన్నాను, అదీ ఆమె ఎదురుగానే. అన్నందుకు పదేళ్ళ పైన జవాబు వింటూనే ఉన్నాను. కాబట్టి నాతో ఈ విషయంలో వాదానికి దిగేవాళ్ళు కాస్త ఆలోచించుకుని దిగడం మంచిది.

మొన్న మా పాత ఇంటి ఓనరు ఫోన్ చేశాడు. నాకు అన్నేళ్ళు జవాబు చెప్పిన వాళ్ళ అక్క పోయిందని చెప్పాడు. నిద్రలోనే పోయిందట, ఎవరినీ కష్టపెట్టలేదట. తర్వాత ఫోన్ చేసిన పని చెప్పాడు.

"కార్యానికి పెట్టేకి ఒక ఫోటో కావల్లప్పా. ఇల్లంతా ఎతికినాము. డబ్బాల నిండా ఫోటోలుండాయి, ఆమెది మాత్రం ఒగటీ లే. అన్నీ నీళ్ళే."

అన్నీ నీళ్ళే. ఆ మాటకి నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఉన్న ఒకే ఒక్క ఫోటో నా దగ్గరుందని, తీసింది నేనేనని చెప్పాను. దాన్ని పట్టుకుని వస్తానన్నాను.

నేను బెంగళూరు శివారు హెబ్బగోడిలో వాళ్ళ మేడ మీది గది అద్దెకు తీసుకున్నది తొంభైల మధ్యలో. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. తయారై వచ్చిన ఇనుప కడ్డీలు తిన్నగా ఉన్నాయా, ఎక్కడైనా వంకర పోయాయా అని చూడడం నా పని. పగలంతా వంకరలు పట్టీ పట్టీ, ఇంటికొచ్చాక మంచం కోడు వంకర కూడా కనిపించేది. ఓనరు వాళ్ళు తరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. వాళ్ళ తెలుగు నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం అర్థమైందని నేను అనుకునేవాణ్ణి. చిక్కంతా ఆ రెండో సగంతోనే వచ్చింది.

ఓనరు వాళ్ళక్కకి అప్పుడు యాభై దగ్గర పడి ఉంటాయి. కింద ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుట్టేది. ఆమె పెళ్ళి, ఆమె గతం, ఆ ఇంట్లో ఎందుకుంది, ఇవేవీ నేను అడగలేదు. అడిగినవాళ్ళకి ఆమె ఇచ్చే జవాబు విన్నాక అడగాలని అనిపించలేదు కూడా. "జాకెట్టు కొలత చెప్పేకి వచ్చినావా, నా కొలత తీసేకి వచ్చినావా" అనేది.

రోజూ పొద్దున వైరుబుట్ట చేతికి తగిలించుకుని, "దండెకి పోయొస్తా" అని లోపలికి ఒక కేక వేసి బయల్దేరేది. నేను మెట్ల మీద పళ్ళు తోముకుంటూ వినేవాణ్ణి. దేవుడికి పూలదండ తేవడానికి వెళ్తోందని అనుకున్నాను. ఎంత భక్తి అనుకున్నాను. కానీ ఎప్పుడు చూసినా దండ లేకుండానే తిరిగొచ్చేది. పాపం, దొరకడం లేదు కాబోలు అని జాలిపడి, ఒక పండగ ముందు నేనే మార్కెట్‌కి వెళ్ళి ఇంత లావు బంతిపూల దండ కొనుక్కొచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఎవురు పోయినారప్పా?" అంది.

సంగతి చెప్పాను. మిషను మీద తల ఆనించి నవ్వింది చూడండి, పక్కింటివాళ్ళు కూడా వచ్చి కారణం కనుక్కుని నవ్వి వెళ్ళారు. దండె అంటే కన్నడంలో ఒడ్డు. కెరె దండె అంటే చెరువు ఒడ్డు. ఆమె రోజూ వెళ్ళేది ఇళ్ళ వెనకున్న చెరువు ఒడ్డుకి, బుట్టలో ఉండేది పూజసామాను కాదు, నగర్తపేటలో ఎవరో అమ్మేస్తుంటే కొనుక్కున్న పాత కెమెరా. నేను తెచ్చిన దండని వృథా పోనివ్వలేదు. ఒడ్డున పడుకున్న ఒక గేదె మెడలో వేసి ఫోటో తీసింది. ఆ ఫోటో నా గదిలో చాలాకాలం ఉంది. గేదె ముఖంలో ఉన్న నిబ్బరం పెళ్ళికొడుకుల్లో కూడా నేను చూడలేదు.

ఆ ఆదివారమే నన్నూ చెరువుకి తీసుకెళ్ళింది. నీలగిరి చెట్లు దాటి గట్టు ఎక్కితే నీళ్ళు. చాకలిబండలు, కొంగలు, వినాయకచవితికి ముంచిన బొమ్మల తాలూకు గడ్డి, చేతులు. బాగానే ఉంది గానీ, విశాఖ నుంచి వచ్చినవాడికి ఊరికే ఉండబుద్ధి కాదు కదా. బెంగళూరుకి అన్నీ ఉన్నాయక్కా, ఒక్క బీచే లేదు అన్నాను. ఆమె నడక ఆపకుండానే బీచంటే ఏమేముండాలో చెప్పమంది. నేను చెప్పుకుపోయాను. నీళ్ళుండాలి, ఇసక ఉండాలి, గాలి ఉండాలి, తినడానికి పల్లీలుండాలి. పైగా మా సముద్రం ఒకచోట ఉండేది కాదు, పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట, ఒడ్డు ఎక్కడో చెప్పాల్సింది సముద్రమే గానీ మనుషులు కాదు అని కూడా గొప్పగా అన్నాను. ఆ చివరి మాట ఆమె జాగ్రత్తగా దాచుకుందని నాకప్పుడు తెలియదు.

ఆమె నీళ్ళ వైపు చెయ్యి చూపింది. చాకలిబండల దగ్గర కాస్త ఇసక ఉంటే దాన్ని చూపింది. కొంగుని గాలికి వదిలి చూపింది. తర్వాత బుట్టలోంచి ఉడకబెట్టిన శనక్కాయల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

"తిను. ఇంగ ఇది బీచు," అంది.

చెప్పులు విప్పి బుట్టలో పెట్టుకుంది. బీచులో చెప్పులతో నడుస్తారా అని నన్నూ విప్పించింది. తుమ్మముళ్ళు గుచ్చుకుని నేను కుంటుతుంటే మీ ఊర్లో గవ్వలు గుచ్చుకోవా అని అడిగింది. ఆ రోజు నుంచి ఆమె దండెకి పోవడం మానేసింది. "బీచుకి పోయొస్తా" అని వీధంతా వినపడేలా చెప్పి బయల్దేరేది. తమ్ముడికి, అంటే మా ఓనరుకి, ఇది తలవంపుగా ఉండేది. "బీచంట, బీచు. కెరె అని చెప్పేకి నోరు రాదా?" అని లోపల్నుంచి గొణిగేవాడు. ఆయన ఎంత గొణిగితే ఈవిడ గొంతు అంత పెరిగేది.

ఆమె ఫోటోల గురించి నిజం చెప్పాలి. బాగుండేవి కావు, అంటే ఫోటోగ్రఫీ తెలిసినవాళ్ళు ఒప్పుకునేలా ఉండేవి కావు. కొంగ ఎగిరిపోయాక మిగిలిన ఖాళీ కొమ్మ ఉండేది. చాకలాయన ఉతుకుతుంటే, ఆయన తల లేకుండా బట్ట మాత్రం గాలిలో ఉండేది. అన్నిటికన్నా నా ప్రాణం తీసేది ఏమిటంటే, ఏ ఫోటోలోనూ నీటిగీత తిన్నగా ఉండదు. చెరువు మొత్తం ఒక పక్కకి ఒలికిపోతున్నట్టే ఉంటుంది. నా వృత్తే వంకర పట్టుకోవడం. ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు చెప్పేశాను. కెమెరా ఇలా పట్టుకోవాలి, మోచేతులు పక్కలకి ఆనించాలి, ఊపిరి బిగబట్టాలి అని.

మొత్తం విని, "నువ్వు నిలబడుకోని చూస్తావప్పా. నేను నడుస్తా చూస్తా. నడిచేవాళ్ళకి నీళ్ళు యాడ నేరుగా ఉంటాయి?" అంది.

నిజమే, ఆమె ఫోటో కోసం ఎప్పుడూ ఆగేది కాదు. నడుస్తూ నడుస్తూ, మాట్లాడుతూ మాట్లాడుతూ, కెమెరా కంటికి ఆనించి నొక్కేసి ముందుకు పోయేది. ఒక రీలు పూర్తవడానికి ఎన్నో వారాలు పట్టేది. కడిగించి తెచ్చిన రోజు మిషను బంద్. ఫోటోలన్నీ నేల మీద పరుచుకుని, "చూడప్పా ఈ వెలుతురు, ఎంత జంభంగా ఉండాదో" అని, అంటే ఎంత దర్జాగా ఉందో అని, ఒక్కొక్కటీ చూపించి మురిసిపోయేది. బాగా తీసిన ఫోటోల దగ్గర కూడా అంత సంతోషం నేను ఎవరి ముఖంలోనూ చూడలేదు. మనుషుల్ని తీసేటప్పుడు నవ్వమని చెప్పేది కాదు. "నవ్వొద్దు" అని గద్దించేది. అలా గద్దిస్తే నవ్వకుండా ఎవరుంటారు. చెరువులో చేపలు పట్టేవాళ్ళు, గేదెల్ని కడిగేవాళ్ళు, అందరూ ఆమె ఫోటోల్లో నవ్వు ఆపుకోలేక మెలికలు తిరుగుతుండేవాళ్ళు.

హోసూరు రోడ్డు మీద స్టూడియో ఆయనకి మాత్రం ఆమె పేరు చెబితేనే బేజారు. వంకరవి కడగడం దండగ, వదిలేస్తాను మేడం అంటాడు. నేను తీసింది నువ్వు కడుగు, మంచిచెడ్డలు నేను చూసుకుంటాను అని ఈవిడ. తన షాపు పేరు పోతుందని ఆయన బాధ. ఇలా ఇద్దరూ ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు, ఆమె మాత్రం వేరే స్టూడియోకి వెళ్ళలేదు.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి చెరువుకి లారీలు రావడం మొదలైంది. మొదట గట్టు అవతల మట్టి పోశారు, తర్వాత ఇసక ఉన్నచోట పోశారు, తర్వాత నీళ్ళలోనే పోశారు. ముళ్ళకంచె వేసి, లోపలికి రాకూడదని బోర్డు పెట్టారు. అపార్టుమెంట్లు కడతారట. ఆమె కంచె పక్క నుంచి నడుస్తూ ఫోటోలు తీస్తూనే ఉంది. నేనూ ఉన్న ఒక ఆదివారం, అక్కడి సూపర్‌వైజరు, నెల్లూరు వైపు కుర్రాడు, చెయ్యి అడ్డంపెట్టి ఇది ప్రైవేటు స్థలమని, ఫోటోలు కుదరవని, రీలు ఇచ్చేయమని అడిగాడు. ఆమె వాడి ముఖంలోకి కెమెరా ఎత్తింది.

"నవ్వొద్దు," అంది.

వాడు కోపంగానే ఉండాలని చాలా ప్రయత్నించాడు. వెనకాల కూలీలు ముందు నవ్వారు, తర్వాత వాడి మూతి కూడా వంకరపోయింది. కడిగించాక ఒక కాపీ తీసుకెళ్ళి కంచె సందులోంచి వాడికిచ్చింది. మా బీచులో తీసింది, మీ అమ్మకి పంపు అని చెప్పింది. వాడు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కంచె మాత్రం తీయలేదు, పాపం వాడి చేతిలో ఏముంది.

ఆ తర్వాత అపార్టుమెంట్లు కట్టేవాళ్ళ మనుషులు ఇంటికొచ్చి తమ్ముడితో మాట్లాడి వెళ్ళారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు గానీ, ఆయన భయపడ్డాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. అక్క కెమెరా తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె అరవలేదు, అన్నం మానేయలేదు. మర్నాడు పొద్దున్నే యథాప్రకారం బీచుకి పోయొస్తానని కేకేసి, వైరుబుట్ట తగిలించుకుని వెళ్ళింది. కంచె దగ్గర నడుస్తూ రెండు చేతుల వేళ్ళూ కెమెరాలా కంటికి ఆనించుకుని "టిక్" అని నోటితో అనడం మొదలుపెట్టింది. లారీని చూసి టిక్. బోర్డుని చూసి టిక్. కూలీల్ని నవ్వొద్దని గద్దించి టిక్. నేను పక్కనే ఉన్నాను. మొదట సిగ్గుతో చచ్చాను, కాసేపటికి తల ఎత్తుకుని నడిచాను. వీధిలో జనం తమ్ముణ్ణి ఆపి మీ అక్కకి ఒంట్లో బాగుందా అని అడగడం మొదలైంది. వారం తిరక్కుండా ఆయన బీరువా తెరిచాడు. అయినా ఆమె ఆ రోజు కూడా ఒకసారి ఉత్త చేతులతోనే టిక్ అనిపించి, తర్వాతే కెమెరా తీసింది.

అపార్టుమెంట్లు లేచాయి. ఇలాంటి కథల్లో ముసలమ్మ గెలుస్తుందని ఎవరైనా ఆశపడితే నేనేం చేయలేను. చెరువులో సగం పైన పూడిపోయింది. నాకు పెళ్ళై ఊరి ఆ చివరకి ఇల్లు మారాను గానీ, వీలైనప్పుడల్లా ఆమె దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఒకప్పుడు ఇసక ఉన్నచోట ఇప్పుడు పెద్ద కాంపౌండు గోడ, దాని పక్కన తారురోడ్డు. ఆమె గోడ మొదట్లో ఆగి చెప్పులు విప్పి బుట్టలో పెట్టుకునేది. కాలే తారు మీద ఒట్టి కాళ్ళతో గోడ పొడుగునా నడిచేది. ఇంకెక్కడి బీచక్కా, రా పోదాం అన్నానొకసారి. ఆమె కాళ్ళు కాలుతుంటే చూడలేక అన్నాను, వెటకారానికి కాదు.

"నువ్వే కదప్పా చెప్పింది, ఒడ్డు యాడుండాదో నీళ్ళు చెప్పల్ల గానీ మనుషులు కాదని. నీళ్ళు రోంత వెనక్కి పోయుండాయి, అంతే. మీ సముద్రం వెనక్కి పోతే బీచు లేదంటారా మీరు?"

నా సముద్రం మాట నాకే అప్పజెప్పింది. నేనూ చెప్పులు విప్పాను.

కొన్నేళ్ళకి ఒక వానాకాలం బెంగళూరులో కుండపోతగా కురిసింది. ఆదివారం పొద్దున ఫోన్. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"బీచు వచ్చిండాది. రా," అని పెట్టేసింది.

వెళ్ళేసరికి అపార్టుమెంట్ల కింద కార్లు పెట్టే చోటంతా నీళ్ళు. కార్లు అద్దాల దాకా మునిగున్నాయి. పైన కాపురమున్నవాళ్ళు ప్యాంట్లు మడుచుకుని ఫోన్లలో ఎవరెవరి మీదో కేకలు వేస్తున్నారు. వాచ్‌మన్ ఎవరినీ ఆపే స్థితిలో లేడు. ఏళ్ళ తర్వాత ఆమె గోడ దాటి లోపలికొచ్చింది. వాలుగా దిగే దారిలో మోకాలి లోతు నీళ్ళలో, అరవై దాటిన మనిషి, చెప్పులు బుట్టలో వేసుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. కానీ ఎవరినీ ఎగతాళి చేయలేదు, ఈ మాట నేను గట్టిగా చెబుతాను. తల పట్టుకుని కూర్చున్న ఒకావిడ దగ్గరికి వెళ్ళి, మీ తప్పేం లేదమ్మా, ఇది బీచని మీకు అమ్మినవాళ్ళు చెప్పలేదు అని శనక్కాయల పొట్లం చేతిలో పెట్టింది. ఆవిడ అయోమయంగానే ఒలుచుకుని తినసాగింది.

అప్పుడు, నాకు తెలిసి మొదటిసారి, తన కెమెరా ఇంకొకరి చేతికిచ్చింది.

"నన్ను తియ్యి. నిలబడుకోని కాదు, నడుస్తా తియ్యి."

నీళ్ళలో అడుగులు వేస్తూ కెమెరా ఎత్తాను. అలవాటు పోతుందా, గీత తిన్నగా ఉండేలా మోచేతులు బిగించాను. నవ్వొద్దు అన్నాను. సరిగ్గా అప్పుడే కింద పాచికి కాలు జారింది, నొక్కేశాను. ఆమె అప్పుడు నీటి ఉధృతికి, బుట్ట బరువుకి ఒక పక్కకి ఒరిగి ఉంది. నేనూ జారి అదే పక్కకి ఒరిగాను. ఇద్దరం ఒకే వైపు ఒరగడం వల్ల ఫోటో చిత్రంగా పడింది. నీళ్ళు పూర్తిగా వంకర. ఆమె మాత్రం వాటి మధ్య నిట్టనిలువుగా, నడుం మీద చెయ్యేసుకుని, నవ్వు ఆపుకోలేక.

ఆ ఫోటోనే మొన్న తీసుకెళ్ళాను. తమ్ముడు, నేను కలిసి దాన్ని పెద్దది చేయించడానికి ఆమె స్టూడియోకే వెళ్ళాం. ఆ పోట్లాటల ఆయనే, తల నెరిసింది, ఇప్పుడు అన్నీ కంప్యూటరులో చేస్తున్నాడు. ఆమె పోయిందని చెప్పి ఫోటో ఆయన చేతికిచ్చాం. ఆయన దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, ఆమె మీది గౌరవంతోనే అనుకుంటాను, మేం అడక్కుండానే గీత సరిచేశాడు. ఇన్నేళ్ళకి ఆమె ఫోటోలో నీళ్ళు తిన్నగా నిలబడ్డాయి. ఆమె పక్కకి ఒరిగిపోయింది. ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయే ముసలమ్మలా కనిపించింది.

ఇదే బాగుంది, నీళ్ళు సరిగ్గా ఉన్నాయి అన్నాడు తమ్ముడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. జీవితమంతా వంకరలు పట్టి జీతం తీసుకున్నవాణ్ణి, ఆ షాపులో బల్ల గుద్ది చెప్పాను.

"వెనక్కి తిప్పండి. నీళ్ళు ఎట్లన్నా పోనీ. ఆమె నేరుగా ఉండల్ల."

నా నోట్లోంచి వచ్చింది ఆమె భాషేనని అన్నాక గాని తెలియలేదు. స్టూడియో ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తెర మీది అక్కని చూస్తూ ఉండిపోయాడు, తర్వాత కళ్ళు తుడుచుకుని తల ఊపాడు. స్టూడియో ఆయన వెనక్కి తిప్పాడు. చెరువు మళ్ళీ ఒలికింది, ఆమె మళ్ళీ లేచి నిలబడింది.

కార్యం రోజు ముందు గదిలో, ఆమె మిషను మీదే ఆ ఫోటో పెట్టారు. బంతిపూల దండ నేనే తెచ్చాను. ఈసారి ఎవరు పోయారని అడగడానికి ఆమె లేదు. భోజనాలకి వచ్చిన బంధువు ఒకాయన ఫోటో ముందు తల వంచి చూసి, నీళ్ళు ఇట్లా వాలిపోయాయేమిటి, ఇది ఎక్కడ తీసింది అని అడిగాడు. నేను చెప్పబోయాను. విస్తరాకులు మోసుకుపోతున్న తమ్ముడు ఆగి, నాకన్నా ముందే, వీధిలోకి వినపడేంత గట్టిగా చెప్పాడు.

"మా బీచులో."